హోదా, అంతస్తు, స్థానం: సమాజశాస్త్రంలో 'స్టేటస్'కు ఏ మాట?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. సమాజశాస్త్రం కొత్తగా మొదలుపెట్టే విద్యార్థుల కోసం తెలుగులో పాఠాలు రాస్తున్నాను. సమాజం, సమూహం, విలువలు, కట్టుబాట్లు అన్నచోట మాటలకు వెతుక్కోవలసిన అవసరం రాలేదు. 'స్టేటస్' దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను. కొందరు 'అంతస్తు' అని రాస్తారు, కొందరు 'హోదా' అంటారు. దాని పక్కనే 'ఆరోపిత అంతస్తు' అని మరొకటి, అంటే మన ప్రయత్నంతో పని లేకుండా సమాజమే మనకు ఇచ్చేది. అది చదివిన ఒక విద్యార్థిని "ఎవరి మీద ఎవరు ఆరోపణ చేశారు?" అని అడిగింది. నిజంగా అర్థంకాకే అడిగింది. ఏ మాట వాడమంటారు? 'పాత్ర' గురించి కూడా చెప్పగలరు.

జవాబు:
ఆ అమ్మాయి ఆగవలసిన చోటే ఆగిందండీ. ముందు భావం చూద్దాం. ఈ మాటకు పాఠ్యపుస్తకాల్లో కనిపించే అర్థం చాలావరకు రాల్ఫ్ లింటన్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త ఇచ్చినది. కొన్ని హక్కులూ బాధ్యతలూ ముడిపడి ఉన్న స్థానమే స్టేటస్ అనీ, ఆ హక్కులనూ బాధ్యతలనూ ఆచరణలో పెట్టినప్పుడు అది పాత్ర అవుతుందనీ ఆయన 1936లో వివరించాడు. ఇందులో ఎక్కువ తక్కువల ప్రసక్తి లేదు. కూతురు, రోగి, ఓటరు, ఖైదీ, పొరుగువాడు, ప్రయాణికుడు, ఇవన్నీ స్టేటస్‌లే. ఒక్కో మనిషికి ఒకేసారి ఇలాంటివి ఎన్నో ఉంటాయి.

ఇప్పుడు మన మాటలు చూడండి. "ఆయన హోదా గల మనిషి", "హోదాకు తగిన ఏర్పాట్లు" అంటాం. హోదా అనగానే చూపు పైకే వెళుతుంది. 'రోగి హోదా' అని రాస్తే చదివేవారికి రోగి కనిపించడు, ఏదో గౌరవం కనిపిస్తుంది. 'అంతస్తు'తో ఇబ్బంది ఇంకా ఎక్కువ. మేడకూ అంతస్తులే, మనుషులకూ అంతస్తులే. ఒకదాని మీద ఒకటి ఉండటమన్నది ఆ మాటలోనే ఉంది. సమాజంలో హెచ్చుతగ్గులు ఎలా ఏర్పడతాయన్నది 'స్తరీకరణ' అనే వేరే పాఠం. దాన్ని మొదలుపెట్టకముందే విద్యార్థి మనసులో నిచ్చెన వేసేస్తున్నాం.

అందుకని 'సామాజిక స్థానం' అనండి. లాటిన్‌లో 'స్టేటస్' అంటే నిలిచి ఉన్న స్థితి. మన 'స్థానం' కూడా నిలబడటాన్ని చెప్పే 'స్థా' ధాతువు నుంచి వచ్చిందే. ఆ రెండు ధాతువులకూ చుట్టరికం ఉంది.

మరో సభ్యురాలు:
నేను పూర్తిగా ఒప్పుకోలేనండీ. లింటన్‌తో పాఠం అయిపోదు, తర్వాతి పాఠంలో జర్మన్ సమాజశాస్త్రవేత్త మాక్స్ వెబర్ వస్తాడు. ఆయన మరణానంతరం 1922లో వెలువడిన 'ఎకానమీ అండ్ సొసైటీ'లో వర్గం వేరు, సమాజం ఇచ్చే గౌరవం వేరు అని విడదీశాడు. డబ్బున్నా గౌరవం దక్కనివారు ఉంటారు, ఆస్తి కరిగిపోయినా గౌరవం తగ్గనివారూ ఉంటారు. ఆ గౌరవానికి కూడా ఇంగ్లిషులో స్టేటస్ అనే అంటున్నారు. అక్కడ 'స్థానం' అని రాస్తే వెబర్ చెప్పిందంతా చప్పబడిపోతుంది. ఆ చోట హోదా ఉండాల్సిందే.

ఇంకొకటి. 'ఆరోపిత' బదులు 'పుట్టుకతో వచ్చిన' అంటే సరిపోదా?

జవాబు (మొదటి సభ్యుడు):
వెబర్ విషయంలో మీరన్నది నిజం. నిజానికి నా మాటకు అది మంచి బలం. ఇంగ్లిషులో రెండు భావాలకు ఒకే మాట ఉండటంతో అక్కడి విద్యార్థులు కూడా తికమకపడతారు. మనకు రెండు మాటలున్నాయి: లింటన్ చెప్పినదానికి స్థానం, వెబర్ చెప్పినదానికి హోదా. అమెరికన్ సమాజశాస్త్రవేత్త కింగ్స్‌లీ డేవిస్ 1942లో చెప్పిన తేడా కూడా తెలుగులో హాయిగా ఒదుగుతుంది. న్యాయమూర్తి పదవికి ఉన్న గౌరవం ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా ఉంటుంది. అది హోదా. ఆ పనిని నిక్కచ్చిగా చేసినవారికి విడిగా దక్కేది మన్నన. హోదా ఉండి మన్నన లేనివారిని చూస్తూనే ఉంటాం.

'పుట్టుకతో వచ్చిన' అంటే మాత్రం సగమే చెప్పినట్లు. ముసలితనం పుట్టుకతో రాదు, ఎవరూ సాధించేదీ కాదు. ఒక వయసు రాగానే సమాజం ఆ స్థానంలో కూర్చోబెడుతుంది. అందుకే 'ఆపాదిత స్థానం' అనమంటాను. సంస్కృతంలో 'ఆరోపిత' అంటే మీద పెట్టినది అనే అర్థం సరిగ్గానే ఉంది. కానీ తెలుగు పాఠకుడికి 'ఆరోపణ' అనగానే నింద స్ఫురిస్తుంది. నిఘంటువు సాయం లేకుండా అందే మాటే పాఠంలో ఉండాలి.

దీనికి జోడీగా 'సాధించిన స్థానం' అని రాస్తుంటారు. అదీ నాకు నచ్చదు. వైద్యురాలి స్థానం సాధించింది అంటే బాగుంటుంది, కానీ ఖైదీ స్థానం సాధించాడు అంటామా? తన చేతలవల్ల వచ్చిన స్థానమే అయినా అందులో విజయం లేదు. ఆస్తి విషయంలో మనకు పిత్రార్జితం, స్వార్జితం అనే మాటలు ఎప్పటినుంచో ఉన్నాయి. 'స్వార్జిత స్థానం' అంటే మంచికీ చెడుకూ సరిపోతుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. ఆపాదిత, స్వార్జిత రెండూ తీసుకుంటున్నాను. మరి పాత్ర?

జవాబు:
పాత్రను ముట్టుకోకండి. ఇంగ్లిషు 'రోల్' నటుడి సంభాషణలు రాసిన కాగితపు చుట్ట నుంచి వచ్చింది. మన పాత్ర అసలు అర్థం గిన్నె. నాటకంలోని వ్యక్తికీ, దానం పుచ్చుకోవడానికి అర్హుడికీ కూడా అదే మాట. 'అపాత్రదానం' అన్నప్పుడు వినిపించేది ఆ మూడో అర్థమే. మన మాటలో అర్హత కూడా కలిసి ఉండటం నాకు ఎంతో ఇష్టం. పాత్రను 'పోషించడం' అనే క్రియ కూడా భావానికి బాగా కుదిరింది. ఒక్క జాగ్రత్త: పాత్ర అంటే నటన, నటన అంటే బూటకం అని కొందరు అనుకుంటారు. తల్లి తన పాత్ర పోషిస్తోందంటే నటిస్తోందని కాదని పాఠంలో ఒక వాక్యం రాయండి.

సభ్యురాలు:
'పాత్ర సంఘర్షణ', 'పాత్ర ఒత్తిడి' కూడా కలిపేయకండి. తన సొంత బిడ్డ జవాబుపత్రం దిద్దవలసి వచ్చిన ఉపాధ్యాయురాలిలో తల్లికీ ఉపాధ్యాయురాలికీ పడేది సంఘర్షణ. అందులో రెండు స్థానాలున్నాయి. పిల్లలతో చనువుగానూ ఉండాలి, క్రమశిక్షణా తప్పకూడదు అన్నచోట స్థానం ఒక్కటే. అది ఒత్తిడి.

ప్రశ్న అడిగినవారు:
ఇది బాగా ఉపయోగపడుతుంది. చివరిగా ఒకటి. అమెరికన్ సమాజశాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ 1957లో చెప్పిన 'రోల్ సెట్'కు 'పాత్రల సమితి' అని రాశాను. లెక్కల పాఠంలా ఉంది.

జవాబు:
'పాత్రావళి' అనండి. నామావళి, పదావళి అలవాటైన చెవికి అది కొత్తగా తోచదు. మెర్టన్ ఉదాహరణ కూడా పక్కనే పెట్టండి: వైద్య విద్యార్థి అన్నది ఒక్క స్థానమే. కానీ ఆచార్యులతో ఒక పాత్ర, తోటి విద్యార్థులతో ఒకటి, నర్సులతో ఒకటి, వైద్యులతో మరొకటి. అవన్నీ కలిపి అతని పాత్రావళి.

ప్రశ్న అడిగినవారు:
రాసుకున్నాను. రేపటి పాఠంలో ముందుగా 'ఆరోపిత' అన్న మాట కొట్టేస్తాను.