‘ఫ్రీ క్లినిక్’ని తెలుగులో ఏమందాం?

హిప్పీల మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. శాన్‌ఫ్రాన్సిస్కోలోని హైట్-ఆష్‌బరీ పేటలో 1967 జూన్‌లో డేవిడ్ స్మిత్ అనే కుర్ర డాక్టరు తెరిచిన ‘ఫ్రీ క్లినిక్’ దగ్గర ఆగిపోయాను. ‘ఉచిత వైద్యశాల’ అని రాసేశాను గానీ మనసొప్పడం లేదు. ఇంకేమైనా మాట ఉందా?

– ధర్మాసుపత్రి! ఇంతకంటే తెలుగు మాట ఏముంది?

మాట బావుందండీ. మా నాయనమ్మ సర్కారు ఆసుపత్రిని చివరిదాకా అలాగే పిలిచింది. అక్కడికి వెళ్లేటప్పుడు మంచి చీర మాత్రం కట్టేది కాదు. ‘ధర్మానికి పోతూ సింగారం దేనికే’ అనేది. ధర్మం అనగానే ఇచ్చే చెయ్యి పైన, పుచ్చుకునే చెయ్యి కింద. ఆ క్లినిక్ వాళ్లేమో ‘వైద్యం హక్కు, కొందరికే దక్కే భాగ్యం కాదు’ అన్నారు. మత్తుమందు తీసుకుని వచ్చిన పిల్లల్ని కూడా నీతులు చెప్పకుండా చూశారు. వాళ్ల ‘ఫ్రీ’లో బిల్లు లేకపోవడమే కాదు, తిట్లు లేకపోవడం కూడా ఉంది.

– అయితే ‘ఊరికే’ అనండి. హిప్పీలంటే జుట్టు పెంచుకుని ఊరికే తిరిగేవాళ్లేగా!

మన ఊళ్లకి ఆ జుట్టు ఒక్కటే చేరింది లెండి. ‘ఊరికే’ అన్నమాట డిగ్గర్స్ అనే గుంపుకి నప్పుతుందేమో. 1966 నుంచి అదే పేట పక్కన పార్కులో సాయంత్రం నాలుగింటికి కూరముక్కలు వేసి ఉడికించిన పులుసు పోసేవారు. పసుపురంగు వేసిన పెద్ద చట్రంలోంచి నడిచి వచ్చి గిన్నె పట్టడమే. డబ్బు తీసుకోకుండా సరుకులిచ్చే ‘ఫ్రీ స్టోర్’ అనే దుకాణం కూడా వాళ్లకి ఉండేది. అక్కడ మేనేజరెవరని అడిగితే ‘మీరే’ అనేవారట. కానీ ఆ పులుసు తినేవాళ్లకే ఊరికే వచ్చింది. మార్కెట్లో కూరగాయలు అడిగి తెచ్చి, తరిగి, వండి, మోసిన పని ఎక్కువగా ఆడవాళ్లదే. స్వేచ్ఛ గురించి అంత మాట్లాడిన చోట కూడా గరిటె చేతులు మారలేదు. నేను తెలుగు చేస్తున్న వ్యాసంలో ఈ సంగతి సగం వాక్యం. చదివి ఒళ్లు మండింది.

– ‘ఉచితం’ని అంత తేలిగ్గా వదలకండి. సంస్కృతంలో దానర్థం ‘తగినది’. సముచితం, అనుచితం, ఔచిత్యం అన్నీ ఆ ఇంటివే. డబ్బు తీసుకోకుండా ఇచ్చేదానికి తెలుగులో ఆ మాటే స్థిరపడిపోయింది.

ఇది నాకు తట్టనే లేదు! ‘హక్కు’ అన్న వాళ్ల మాటకి ఇదే దగ్గర. కాకపోతే ఈ రోజుల్లో ఉచితం అంటే ఎన్నికల హామీలో, సబ్బు కొంటే వచ్చే చెంచానో గుర్తొస్తుంది. సరే, ‘ఉచిత వైద్యశాల’ అనే ఉంచేస్తాను. మొదటిసారి వచ్చిన చోట ‘డబ్బూ అడగరు, నిలదీసీ అడగరు’ అని కలుపుతాను.

ఇక ఆ దుకాణం సంగతి చెప్పండి. ‘ఉచిత దుకాణం’ అంటే రేషన్ షాపు అనుకుంటారు.