డ్రైవ్‌ను ముందు సరిచేయాలా, డిస్కులను ముందు చదివించాలా?

పాత మాస్టారు, హన్మకొండ

అందరికీ నమస్కారం. నేను హన్మకొండలో గణితం బోధించి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ణి. పాఠశాలల్లో కంప్యూటర్ పరిచయం కోసం 1984లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ‘క్లాస్’ పథకం కింద మా బడికి బీబీసీ మైక్రో అనే కంప్యూటర్లు వచ్చాయి. బడివాళ్లు వాటిని తుక్కు కింద అమ్మేసిన రోజున ఒక యంత్రాన్ని, దాని 5.25 అంగుళాల ఫ్లాపీ డ్రైవ్‌ను, పద్నాలుగు డిస్కులను కొని ఇంటికి తెచ్చుకున్నాను. ఆ డిస్కుల్లో 1987 నుంచి 1991 వరకు మా పిల్లలు రాసిన బేసిక్ ప్రోగ్రాములు ఉన్నాయి. ఒక అమ్మాయి బతుకమ్మను పేర్చినట్లుగా తెర మీద వరుస మీద వరుస రంగు వలయాలు గీసే ప్రోగ్రాం రాసింది. ఇంకెక్కడా దాని ప్రతి లేదు.

ఇప్పుడు డ్రైవ్ తిరుగుతోంది, దీపం వెలుగుతోంది, చాలా డిస్కులకు ఫైళ్ల జాబితా కూడా వస్తోంది. కానీ ఫైలు లోడ్ చేయబోతే ఒకసారి వస్తుంది, మరోసారి ‘డిస్క్ ఫాల్ట్ 18’ అని ఆగిపోతుంది. హైదరాబాదు మిత్రుడొకరు తన డ్రైవ్‌లో రాసి పంపిన డిస్కును మాత్రం ఇది అసలే చదవడం లేదు. ఇక్కడ ఒక మెకానిక్‌కు చూపిస్తే, డిస్కును చదివే హెడ్డు పక్కకు జరిగిందనీ, మోటారు స్క్రూలు వదులు చేసి మిత్రుడి డిస్కు చదివేదాకా తిప్పి బిగిస్తే సరిపోతుందనీ చెప్పారు. చేయించమంటారా, వద్దంటారా?

లోకోషెడ్, కాజీపేట

మాస్టారూ, తప్పకుండా చేయించండి, కానీ ఆయన చెప్పిన పద్ధతిలో కాదు. డిస్కు మీద సమాచారం రాసే వలయాలను ట్రాకులంటారు. మీ డ్రైవ్ నలభై ట్రాకులదైతే అంగుళానికి 48 ట్రాకుల చొప్పున హెడ్డు అడుగులు వేస్తుంది. ఆ అడుగులు వేయించే స్టెప్పర్ మోటారు రెండు మూడు స్క్రూల మీద నిలబడి ఉంటుంది. ఏళ్ల తరబడి అదురుకు ఆ స్క్రూలు వెంట్రుకవాసి కదిలినా ప్రతి ట్రాకూ అంతే దూరం పక్కకు పోతుంది. అలాంటి డ్రైవ్ తాను రాసింది తాను చదువుకుంటుంది, ఇతరులు రాసింది చదవలేదు. మీరు చెప్పిన లక్షణం సరిగ్గా అదే.

మిత్రుడి డ్రైవ్ సరిగ్గా ఉందని ఎవరు చెప్పగలరు? అందుకే సరిచేయడానికి హెడ్డు స్థానాన్ని కొలిచే ప్రత్యేకమైన అలైన్‌మెంట్ డిస్కు, సంకేతాలను తెర మీద గీసి చూపే ఆసిలోస్కోపు కావాలి. ఆ డిస్కులో 16వ ట్రాకు దగ్గర కొంచెం కేంద్రం తప్పించి రాసిన సంకేతం ఉంటుంది. స్కోపు తెర మీద అది పక్కపక్కన రెండు ఉబ్బులుగా, పిల్లి కళ్లలా కనిపిస్తుంది. రెండు కళ్లూ సమాన ఎత్తులోకి వచ్చినప్పుడు హెడ్డు ట్రాకు నడిమధ్యన ఉన్నట్లు. ఆ సంకేతాన్ని మామూలు డ్రైవ్‌తో నకలు తీయడం కుదరదు కాబట్టి అసలు డిస్కే ఉండాలి. నా దగ్గర రెండూ ఉన్నాయి. పక్కకు జరిగిన డ్రైవ్‌ను అలాగే వాడుతూ పోతే, రేపు మీరు దాని మీద రాసే ప్రతి డిస్కూ ఈ ఒక్క డ్రైవ్‌కే బందీ అవుతుంది. వాయిదా వేయకండి.

ఎల్‌ఎండీ కట్ట, కరీంనగర్

ఇంత శ్రమ ఎందుకని నా అభిప్రాయం. డ్రైవ్ స్థానంలో, ఫ్లాపీ డ్రైవ్‌లా నటించే గోటెక్ అనే ఎమ్యులేటర్ పెట్టి, అందులో ఫ్లాష్‌ఫ్లాపీ ఫర్మ్‌వేర్ వేస్తే పెన్‌డ్రైవ్ నుంచే బీబీసీ మైక్రో నడుస్తుంది. బెల్టులు, హెడ్లు, దుమ్ము అనే బాధే ఉండదు. నేను రెండేళ్లుగా అలాగే వాడుతున్నాను.

పాత మాస్టారు, హన్మకొండ

మీ సూచనకు కృతజ్ఞతలు. యంత్రం నడవడం నాకు ముఖ్యమే, కానీ పిల్లల ప్రోగ్రాములు పెన్‌డ్రైవ్‌లోకి చేరాలంటే ముందు ఈ పద్నాలుగు డిస్కులను ఏదో ఒక డ్రైవ్ చదవాలి కదా.

రెండో షిఫ్టు, గోదావరిఖని

మాస్టారు అడిగిన ప్రశ్నకు జవాబు ఆయన ఆఖరి మాటలోనే ఉంది. కాజీపేట మిత్రులు డ్రైవ్ గురించి చెప్పిన ప్రతి వాక్యమూ నిజమే, అయినా ఇప్పుడే సరిచేయమనడం తప్పని నేను గట్టిగా నమ్ముతున్నాను. డ్రైవ్ పక్కకు జరిగి ఉన్న కాలంలోనే ఆ డిస్కులు రాసి ఉంటే, ట్రాకులన్నీ అంతే పక్కకు జరిగి పడి ఉంటాయి. ఆ వంకర ఎంతో తెలిసిన డ్రైవ్ లోకంలో ఇదొక్కటే. దాన్ని సరిచేసిన మరుక్షణం పద్నాలుగు డిస్కులకూ ఉన్న ఒక్క తాళంచెవిని మన చేతులతో అరగదీసినట్లే.

ఈ మాట పుస్తకం చూసి చెప్పడం లేదు. మా అన్న ఇంజనీరింగ్ చదివే రోజుల్లో వాడిన డ్రైవ్‌ను నేనే ఎంతో శ్రద్ధగా సరిచేశాను. కొత్త డిస్కులన్నీ చక్కగా చదివింది. ఆ తర్వాత అన్న ప్రాజెక్టు డిస్కులు పెడితే ఒక్కటీ రాలేదు. స్క్రూ మొదట ఎక్కడుందో గుర్తు పెట్టుకోలేదు కాబట్టి వెనక్కి వెళ్లే దారి కూడా లేకపోయింది. ఆ డిస్కులు ఇప్పటికీ బీరువాలో ఉన్నాయి.

అందుకని మాస్టారూ, స్క్రూల జోలికి పోకుండా చేయగలిగినవన్నీ ముందు చేయండి. పద్నాలుగు డిస్కుల పక్క గంటునూ టేపుతో మూయండి. 5.25 అంగుళాల డిస్కుకు గంటు మూస్తేనే రాత నుంచి రక్షణ. తర్వాత ఒక్కో డిస్కును వెలుతురులో పట్టుకుని, నడుమ రంధ్రాన్ని వేళ్లతో మెల్లగా తిప్పుతూ, హెడ్డు తగిలే కిటికీలోంచి అయస్కాంత పొరను చూడండి. మన వానకాలపు చెమ్మకు దాని మీద తెల్లని చుక్కలు చుక్కలుగా బూజు పడుతుంది. బూజున్న డిస్కును ఎట్టి పరిస్థితుల్లోనూ డ్రైవ్‌లో పెట్టవద్దు. అది తాను గీసుకుపోవడమే కాక హెడ్డుకు అంటుకుని తర్వాతి డిస్కునూ గీస్తుంది.

హెడ్డును 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన ఇయర్‌బడ్‌తో తుడవండి. దూది మీద గోధుమరంగు మరక దిగుతుంటే అది పాత డిస్కుల నుంచి రాలిన పొర. మరక పడటం ఆగేదాకా బడ్‌లు మార్చండి. పై భాగాన్ని అవసరానికి మించి ఎత్తవద్దు, దాని స్ప్రింగు పలుచనిది, ఒకసారి వంగితే మళ్లీ ఆ ఒత్తిడి రాదు. హెడ్డు జారే కడ్డీల మీద గట్టిపడిన పాత గ్రీజును తుడిచి, కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క చాలు. మీకు ఒకసారి వచ్చి ఒకసారి రాకపోవడం అలైన్‌మెంట్ లక్షణంలా లేదు, మురికి లేదా వేగం లక్షణంలా ఉంది. ఫాల్ట్ 18 అంటే అడిగిన సెక్టారు, అంటే ట్రాకులోని ఒక ముక్క, కనిపించలేదని మాత్రమే అర్థం.

ఇక వేగం. డ్రైవ్ నిమిషానికి 300 చుట్లు తిరగాలి. అడుగున ఉన్న చక్రం మీద నల్లని పట్టీలతో రెండు వలయాలుంటే, 50 అని రాసిన వలయం మనది. మన కరెంటుకు చోకు ట్యూబ్‌లైటు సెకనుకు 100 సార్లు మినుకుమంటుంది, చక్రం సెకనుకు 5 చుట్లు తిరుగుతుంది, కాబట్టి ఆ వలయంలోని 20 పట్టీలు కదలకుండా నిలిచినట్లు కనిపించాలి. పట్టీలు ఒకవైపు పాకుతుంటే వేగం తప్పిందన్నమాట. ఇప్పటి ఎల్‌ఈడీ దీపాల కింద ఈ పరీక్షను నమ్మలేం, పాత చోకు లైటే కావాలి. అంతగా విలువలేని డిస్కు పెట్టి, జాబితాను పదేపదే అడిగే చిన్న లూపు బేసిక్‌లో రాస్తే మోటారు ఆగకుండా తిరుగుతుంది.

ఇంకొక్క మాట, బీబీసీ మైక్రో పవర్ సప్లైలోని పాత ఫిల్టర్ కెపాసిటర్లు బీటలు వారి పొగ రావడం ఆ యంత్రాలు వాడేవారందరికీ తెలిసిందే. వాటిని మార్పించకుండా గంటల తరబడి నడపకండి.

లోకోషెడ్, కాజీపేట

గోదావరిఖని మిత్రుల మాటలో బలం ఉంది, నేను తొందరపడ్డానని ఒప్పుకుంటున్నాను. అయితే వారి వాదన ఒక ఊహ మీద నిలబడింది. డ్రైవ్ డిస్కులు రాయకముందే పక్కకు జరిగి, అప్పటి నుంచి అక్కడే ఉందని ఆ ఊహ. రాసిన తర్వాత, తుక్కు బండిలో ఊగిసలాడినప్పుడు జరిగి ఉంటే? అప్పుడు వంకర డిస్కుల్లో లేదు, డ్రైవ్‌లోనే ఉంది, సరిచేస్తేనే అవి చదువుతుంది. కాబట్టి మాస్టారు శుభ్రం చేశాక అన్నిటికన్నా పాత డిస్కునూ అన్నిటికన్నా కొత్త డిస్కునూ పెట్టి పోల్చాలి. రెండూ ఒకేలా చదివితే గోదావరిఖనివారిదే నిజం. ఒక కాలపువి వచ్చి మరో కాలపువి రాకపోతే మధ్యలో ఎప్పుడో డ్రైవ్ కదిలిందని అర్థం.

ఏం చేసినా ముందు మోటారు అంచు నుంచి చట్రం మీదికి సన్నని సూదితో ఒక గీత గీయండి. ఆ గీత ఉంటే ఎంత తిప్పినా వెనక్కి రావచ్చు.

రెండో షిఫ్టు, గోదావరిఖని

ఆ పరీక్ష నాకు తట్టలేదు, చాలా సరైనది. రాని డిస్కులకు కూడా వెంటనే స్క్రూ తిప్పనక్కరలేదు. గ్రీజ్‌వీజల్ అనే చిన్న బోర్డు ద్వారా ఎనభై ట్రాకుల డ్రైవ్‌ను ఇప్పటి కంప్యూటర్‌కు కలపవచ్చు. దాని హెడ్డు రాసే గీత నలభై ట్రాకుల డ్రైవ్ గీతలో సగం వెడల్పే, అడుగు కూడా సగమే. కాబట్టి పక్కకు జరిగిన ట్రాకును ఈ అడుగులో అందకపోతే పక్క అడుగులో అందుకునే అవకాశం ఉంది. అదీగాక ఆ బోర్డు అయస్కాంత మార్పులను యథాతథంగా నమోదు చేస్తుంది కనుక తప్పులున్న సెక్టార్లనూ తర్వాత తీరిగ్గా పరిశీలించవచ్చు.

పాత మాస్టారు, హన్మకొండ

పది రోజుల తర్వాత రాస్తున్నాను. నాలుగు బడ్‌లు గోధుమరంగుకు తిరిగాయి, అయిదోది తెల్లగా వచ్చింది. మా వంటింట్లో మిగిలిన పాత చోకు ట్యూబ్‌లైటు కింద పట్టీలు మెల్లగా వెనక్కి పాకాయి. సర్క్యూట్ బోర్డు మీద వేగం సరిచేసే చిన్న ప్రీసెట్‌ను వెంట్రుకవాసి తిప్పితే నిలిచాయి. అవి నిలిచిన క్షణంలో నా చేయి వణికింది.

1987 నాటి డిస్కు మొదటి ప్రయత్నంలోనే పూర్తిగా చదివింది. మొత్తం పదకొండు వచ్చాయి. బతుకమ్మ ప్రోగ్రాం వచ్చింది, తెర మీద ఏడు వలయాలు లెక్కపెట్టాను. ఒక డిస్కుకు బూజు ఉంది, దాన్ని పెట్టలేదు. 1991లో రాసిన రెండు మాత్రం జాబితా కూడా ఇవ్వడం లేదు. ఆ ఏడాది మేము మరో డ్రైవ్ వాడామేమోనని నా పాత సహోద్యోగిని అడిగాను. నిజమే, ఆ వేసవిలో ఇది పాడైతే పక్క బడి నుంచి ఒకటి అరువు తెచ్చారట.

లోకోషెడ్, కాజీపేట

అంటే ఆ రెండూ వేరే డ్రైవ్ రాతలు. పదకొండు డిస్కుల నకళ్లు రెండు చోట్ల భద్రం చేశాక చెప్పండి. గీత గీసి ఉంచితే స్కోపు, అలైన్‌మెంట్ డిస్కు పట్టుకుని ఆదివారం హన్మకొండ వస్తాను. ఆ రెండింటి కోసం సరిచేసి చూద్దాం, రాకపోతే మళ్లీ గీత దగ్గరికే తెచ్చి బిగించి వెళతాను.