సమస్యాపూరణం: "రాయి పెరిగి లేచి రంకె వేసె"

కల్యాణి, కర్నూలు (నిర్వహణ)

ఈ వారం కచేరీల ముచ్చట పక్కన పెట్టి రాళ్లమీద, కాలజ్ఞానం మీద పడదాం. సమస్య ఇదీ:

*రాయి పెరిగి లేచి రంకె వేసె*

దీన్ని ఆటవెలది నాలుగో పాదంగా ఉంచి, ముందు మూడు పాదాలు మీరు రాసి పూరించండి. వేరే ఛందస్సు ఎందుకు తీసుకోలేదంటే, వీరబ్రహ్మేంద్రస్వామి పద్యాల మకుటం ‘కాళికాంబ హంస కాళికాంబ’ది ఇదే నడక. మన వేమన్నదీ ఇదే.

యాగంటి గుడిలోని రాతి నంది బసవన్న అంతకంతకు పెరిగి కలియుగాంతాన లేచి రంకె వేస్తాడని కాలజ్ఞానం మాట. అది జరగబోయేది. సమస్యలో ఉన్నది ‘వేసె’, అంటే జరిగిపోయింది. మెలికంతా అక్కడే ఉంది. స్వామి మహిమను మూడు పాదాల్లో పొగిడి నాలుగోది తగిలిస్తే పూరణ కాదు. ఆ రంకె ఎక్కడ, ఎవరికి, ఎట్లా వినబడిందో తేల్చాలి.

తాళం తెలిసినవాళ్లు గదా, లెక్క ఇట్లా పట్టుకోండి. సూర్యగణమంటే మూడు మాత్రలు, ఒక తకిట. సరి పాదానికి ఐదు తకిటలు: రాయి, పెరిగి, లేచి, రంకె, వేసె. బేసి పాదానికి మూడు తకిటలు, ఆపైన రెండు ఇంద్రగణాలు. ఒక్కో ఇంద్రగణం నాలుగు మాత్రలో ఐదు మాత్రలో ఉంటుంది. ప్రతి పాదంలోనూ నాలుగో గణం మొదటి అక్షరానికి యతి, అంటే అది పాదం మొదటి అక్షరంతో జత కుదరాలి. ఒక్క జాగ్రత్త: చప్పట్లను మాత్రమే నమ్మొద్దు. ‘కదా’, ‘ఇదే’ కూడా మూడు మాత్రలే గానీ లఘువు (ఒక మాత్ర) ముందొచ్చి గురువు (రెండు మాత్రలు) వెనకొస్తే సూర్యగణం కాదు. తాళం ఒప్పుకున్నా ఛందస్సు ఒప్పుకోదు.

మోహన, అనంతపురం

కొత్తగా రాస్తున్నా అక్కా, చూడండి.

*యాగంటి బసవన్న యంతకంతకు పెరిగి*
*కలియుగాన నిలిచె కదలకుండ*
*మహిమ గల్గినట్టి మన శిలయే గదా*
*రాయి పెరిగి లేచి రంకె వేసె*

ఖరహరప్రియ, తాడిపత్రి

రెండు, మూడు పాదాలు గణాల్లో సరిగ్గా ఉన్నాయి, యతులూ (క-క, మ-మ) కుదిరాయి. మొదటి పాదం మాత్రం ఆటవెలది కాదు. ‘యాగంటి’లో రెండు గురువులు పక్కపక్కనే ఉన్నాయి. సూర్యగణం గురులఘువులు గానీ మూడు లఘువులు గానీ. కాబట్టి సూర్యగణాలు ఎన్ని వరసగా పేర్చినా రెండు గురువులు ఒకదాన్నొకటి ఆనుకోవు. అంటే యాగంటి అన్న పేరు సరి పాదాల్లో ఎప్పటికీ పట్టదు. బేసి పాదంలోనూ చివరి రెండు గణాల చోటే దానికి దిక్కు. ‘బసవన్న’ కొంచెం నయం, ముందొక లఘువు దొరికితే సూర్యగణాల్లో ఇముడుతుంది. ‘నంది’, ‘బసవ’ అయితే ఎక్కడ పెట్టినా కూర్చుంటాయి. ఊరిపేర్లు పద్యంలో పెట్టేవాళ్లు ముందు ఆ పేరు గురులఘువులు రాసుకుని, అది పట్టే చోటు చూసి, పాదాన్ని దాని చుట్టూ అల్లుకోవాలి.

అర్థంలో ఇంకో చిక్కుంది చెల్లెమ్మా. రెండో పాదంలో ‘కదలకుండ నిలిచె’ అన్నావు, నాలుగులో లేచింది. ఎట్లా లేచింది, ఎందుకు లేచింది అనేది ఎక్కడా లేదు. సమస్య అట్లే మిగిలిపోయింది.

హిందోళం, బనగానపల్లె

పద్యం సంగతి పెద్దలు చూసుకుంటారు. ‘పెరిగి’ అన్న మాట మీద నాకొకటి చెప్పాలనుంది. బసవన్న పెరుగుదలకు మా వైపు నోటినోటా నడిచే లెక్క 20 ఏళ్లకు 1 అంగుళం. అంటే ఏడాదికి దాదాపు 1.27 మిల్లీమీటర్లు. ఇంత చిన్న పెరుగుదలను ఏ రాతిమీదైనా కొలవాలంటే టేపు పనికిరాదు. రాయి ఎండకు సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. లేపాక్షి నందినే తీసుకోండి: ఏకశిల, గ్రానైటు, పొడవు 27 అడుగులు. గ్రానైటు డిగ్రీ సెల్సియస్‌కు మీటరుకు సుమారు 0.008 మిల్లీమీటర్లు సాగుతుంది. రాతికి మొత్తంగా 20 డిగ్రీల తేడా వస్తే ఆ పొడవుకు 1.3 మిల్లీమీటర్లు. ఏడాది పెరుగుదల అనుకున్నదంతా ఎండాకాలానికి చలికాలానికి మధ్య తేడాలోనే మునిగిపోతుంది. అందుకే ఏటా ఒకే నెలలో, తెల్లవారుజామున, రాతి వేడి కూడా చూసుకుని, ఎప్పుడూ అవే రెండు గుర్తుల మధ్య కొలవాలి. నూనె, పసుపు, విభూతి పేరుకున్న చోట గుర్తు పెట్టకూడదు. ఆ పొర మందం కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. ఇది భక్తికి పరీక్ష కాదు. కొలిచామని చెప్పేవాళ్లు ఎట్లా కొలిచారో కూడా చెప్పాలన్నదే నా మాట.

ఆనందభైరవి, ప్రొద్దుటూరు

క్రమాలంకారంలో నా పూరణ:

*గౌతముండు తిట్ట గాంత యేమయ్యెను?*
*వామనుండు నింగి వరకు నెట్లు*
*నిలిచె? గిత్త వైరి నెదిరి యేమొనరించె?*
*రాయి; పెరిగి లేచి; రంకె వేసె*

కల్యాణి

ముచ్చటగా ఉంది. మూడు ప్రశ్నలు, నాలుగో పాదం మూడు ముక్కలై మూడు జవాబులు. అహల్య రాయి అయ్యె. వామనుడు పెరిగి లేచి నిలిచె. గిత్త రంకె వేసె. మొదటి పాదంలో గౌ-గా, మూడులో ని-నె యతులు బాగున్నాయి. క్రమంలో తరచూ జరిగే పొరపాటు, ప్రశ్న ఒక విభక్తిలో అడిగి జవాబు ఇంకో విభక్తిలో రావడం. ఇక్కడ అది లేదు. ప్రతి జవాబూ దాని ప్రశ్నలోని క్రియకు అతుక్కుంటుంది. అయితే ఒక మాట చెప్పాలి. ఈ దారిలో ఏ సమస్యనైనా విరగ్గొట్టవచ్చు. యాగంటి వాసన లేకుండానే పని అయిపోతుంది. అవధానంలో నిమిషంలో చెప్పాల్సి వస్తే ఇది శ్రీరామరక్ష. వారం గడువున్నప్పుడు ఇంకొంచెం లోపలికి దిగమంటాను.

ఖరహరప్రియ

పదం విరిచి చూశాను:

*మైకు పెట్టినారు మడిచెంత రాతిరి*
*పెంచినారు సద్దు పెట్టె మీట*
*ఇంత పురుగు గొంతె యెంత యయ్యెను! కీచు*
*రాయి పెరిగి లేచి రంకె వేసె*

హిందోళం

కీచురాయి! మూడో పాదం చివర ‘కీచు’ వదిలి సమస్యలోని రాయిని పురుగును చేసేశావు, శభాష్ అన్నా. కానీ శబ్దం తెలిసినవాళ్ల మధ్య రెండో పాదం నిలబడదు. కీచురాయి రెక్కలు రుద్ది చేసే చప్పుడు చాలా రకాల్లో 4,000 హెర్ట్జ్‌కు అటూ ఇటూ ఉంటుంది. మీట ఎంత పెంచినా అది పెద్ద కీచే అవుతుంది గానీ రంకె కాదు. రంకె కావాలంటే స్థాయి దిగాలి. రికార్డు చేసినదాన్ని సగం వేగంతో వినిపిస్తే ఒక స్థాయి దిగుతుంది, అంటే హెర్ట్జ్ సగమవుతుంది. 4,000ను ఐదుసార్లు సగం చేస్తే 125. అక్కడికొస్తే గిత్త గొంతు పోలిక వస్తుంది. అంటే 32 రెట్లు సాగదీయాలి. మామూలు రికార్డింగు అంత సాగదీస్తే పైస్వరాలు పోయి గొంతు మొద్దుబారుతుంది. సెకనుకు 96,000 శాంపిళ్లతో పట్టుకుంటే మేలు. పైగా ఆ సాఫ్ట్‌వేర్లలో స్థాయి మారకుండా వేగం మాత్రమే తగ్గించే ఏర్పాటు ఉంటుంది, దాన్ని ఆపేయాలి. లేకపోతే ఎంత సాగదీసినా కీచు కీచుగానే ఉంటుంది.

ఖరహరప్రియ

అయితే రెండో పాదం ఇట్లా మారుస్తా: *సాగదీసినారు సద్దునంత*. సా-స యతి, ఐదు తకిటలు సరి.

కల్యాణి

మొదటిదానికంటే మేలు. ‘పెరిగి’కి కూడా ఇప్పుడు బలమొచ్చింది, సాగిన సద్దు పొడవు పెరిగింది గదా. ‘లేచి’ మాత్రం ఇంకా ఊరికే కూర్చుని ఉంది. సమస్యలో ఇచ్చిన ప్రతి పదానికీ పని పెట్టాలి. ఒకటి ఖాళీగా ఉంటే పాదం నింపడానికి వచ్చినట్టు కనిపిస్తుంది.

ఆనందభైరవి

బెలుం గుహల మీద రెండో ప్రయత్నం:

*బొట్టు బొట్టు జారి పుట్టెను బిలమున*
*సున్నమూరి యూరి శుద్ధశిలగ*
*కర్ర తాకినంత గంటయై మ్రోగె నా*
*రాయి పెరిగి లేచి రంకె వేసె*

హిందోళం

అక్కా, మొదటి రెండు పాదాలు ఈ చర్చ మొత్తంలో నాకు నచ్చినవి. రాయి నిజంగా పెరిగే చోటు అదొక్కటే. వాననీళ్లు మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుని సున్నపురాతిని కరిగించుకుంటాయి. గుహలోకి దిగగానే ఆ వాయువు గాల్లోకి పోతుంది, నీళ్లు సున్నాన్ని మోయలేక అక్కడే వదిలేస్తాయి. ‘సున్నమూరి యూరి’లో అదంతా వచ్చేసింది.

మూడో పాదంతోనే గొడవ. కొలిమిగుండ్ల దగ్గరి ఆ గుహలు 3,229 మీటర్ల పొడవు. అందులో 2006లో తెరిచిన సప్తస్వరాల గుహలో మోగేవి పైకప్పు నుంచి వేలాడేవి. వేలాడేది పెరిగితే కిందికి దిగుతుంది, లేవదు. నేల నుంచి లేచేది వేరే, చుక్క పడిన చోట మొలిచేది. నీ పద్యంలో రెండూ కలిసిపోయాయి. ఇక గంట మోత వేరు, రంకె వేరు. ఒకే పద్యంలో ఒకే రాయి రెండూ చేస్తే ఏదీ నమ్మబుద్ధి కాదు. కర్రతో కొట్టడం పద్యంలో కూడా వద్దంటాను. ఒకసారి విరిగితే మన మునిమనవలు కూడా దాన్ని మళ్లీ అంత చూడలేరు.

ఆనందభైరవి

ఒప్పుకున్నా. కర్ర తీసేసి ప్రతిధ్వని పెడితే?

*ఎద్దు పిలువ లోన నెదురుపల్కిన దౌర!*
*రాయి పెరిగి లేచి రంకె వేసె*

ఖరహరప్రియ

ఇప్పుడు మూడు మాటలకూ పని దొరికింది. బొట్టుబొట్టుగా పెరిగింది, నేలనుంచి లేచింది, బయటి ఎద్దు రంకెను తిరిగి అప్పగించింది. ‘లోనన్ ఎదురు’ అని విడదీస్తే ఎ-ఎ యతి చెల్లుతుంది. శబ్దం లెక్క కూడా కుదురుతుంది: ప్రతిధ్వని విడిగా వినబడాలంటే గోడ కనీసం 17 మీటర్ల దూరం ఉండాలి, బెలుంలో అంత చోటుకు కొదవలేదు. ఇరుకు చోట్లలో విడిగా రాదు, మూల గొంతుకే తోక తగులుకుంటుంది.

మోహన

నేనూ మార్చాను. బ్రహ్మంగారి నాటకం పట్టుకున్నా. యాగంటిని చెప్పిన చోటే కూర్చోబెట్టాను.

*నాటకమున నేడు నల్లగా యాగంటి*
*బసవవేష మూనె బాలుడొకడు*
*తెరను దీసినంత దీపాల వెలుగులో*
*రాయి పెరిగి లేచి రంకె వేసె*

కల్యాణి

ఇది పూరణ! జరగబోయేది రంగస్థలం మీద జరిగిపోయింది, ‘వేసె’ నిజమైంది. తె-దీ యతి కూడా వర్గయతిగా (త, ద ఒకే వర్గం) చక్కగా పడింది. ఒక్క మాట మార్చు: ‘బాలుడొకడు’ బదులు ‘బక్కవాడు’. బ-బ యతి చెడదు, గణాలూ చెడవు. అప్పుడు ‘పెరిగి’ పలుకుతుంది. బక్కవాడు వేషం కట్టి లేచేసరికి పెరిగినట్టు కనిపించడమే నాటకం బలం. పాడేటప్పుడు మూడో పాదం పైస్థాయిలో ఆపి, ‘రంకె’ దగ్గర ఒక్కసారిగా మంద్రంలోకి దిగండి. యతి స్థానం అదే కాబట్టి విరుపు కూడా సహజంగా వస్తుంది.

నా పూరణ కూడా పెడుతున్నా:

*రానికాలమెల్ల రవ్వలకొండలో*
*కనులముందు నిలిచి కదలుచుండ*
*చూచి వ్రాసె స్వామి, చూపులో యాగంటి*
*రాయి పెరిగి లేచి రంకె వేసె*

స్వామి బనగానపల్లెలో పశువులు కాస్తూ రవ్వలకొండ గుహలో కాలజ్ఞానం రాశారని చెబుతారు గదా. మనకు రేపటిది, చూసినవారికి నిన్నటిది. ‘వేసె’కు ఆధారం ఆ చూపే.

ఖరహరప్రియ

అక్కా, ఒక సందేహం. ‘వ్రాసె స్వామి’లో ‘స్వా’ జంటక్షరం. దానిముందున్న ‘సె’ గురువైపోదా? అయితే రెండో గణం రెండు గురువులై విరిగిపోతుంది.

కల్యాణి

కాదు. ‘వ్రాసె’ తెలుగు క్రియ, ‘స్వామి’ వేరే పదం. రెండింటికీ సమాసం లేదు. విడిపదాల మధ్య తెలుగు పదం చివరి అక్షరం వెనక వచ్చే సంయుక్తానికి గురువు కాదు. ‘గురుస్వామి’ అని సమాసం చేస్తే మాత్రం ‘రు’ గురువే. ‘వీరబ్రహ్మ’ అన్న పేరు ఆటవెలదిలో పట్టనివ్వనిది కూడా ఇదే: సమాసం కాబట్టి వరసగా మూడు గురువులు. ‘వీ’ నాలుగో గణం చివర, ‘రబ్రహ్మ’ ఐదో గణంగా పెడితే తప్ప ఇంకోచోట పెట్టలేం. అందుకే నేను ‘స్వామి’తో సరిపెట్టాను. రవ్వలకొండనూ ఆ చివరి రెండు గణాల్లోనే దాచుకోవాల్సి వచ్చింది.

వచ్చే వారం కందం. యాగంటిలో కాకులు వాలవని, అగస్త్యుడి శాపమని చెప్పే కథను తలకిందులు చేశాను. ప్రాస (ప్రతి పాదంలో రెండో అక్షరం) ‘క’, దానిముందు దీర్ఘం:

*కాకులు వాలని గుడిపయి కాకుల మూకల్*