అప్‌డేట్: ఓఆర్‌ఎస్‌లో గ్లూకోజ్ ఎందుకు?

ఓఆర్‌ఎస్‌లో (విరేచనాలప్పుడు నీళ్లలో కలిపి తాగించే పొడి) ఉప్పు సరే, గ్లూకోజ్ నీరసానికేనా అని అడిగాను కదా (గుంటూరు, నర్సింగ్ ఫస్టియర్). అసలు పని వేరేనట. మా మేడం చిన్నపేగు కణం బొమ్మ గీసి చెప్పారు. పేగు లోపలి వైపున్న ఎస్‌జీఎల్‌టీ1 అనే ప్రోటీన్ ఉప్పులోని 2 సోడియం అయాన్లనూ 1 గ్లూకోజ్ అణువునూ జతగానే కణంలోకి లాగుతుంది. కణానికి అవతల, రక్తం వైపున్న పంపు 3 సోడియంలను బయటికి నెట్టి, 2 పొటాషియంలను తెచ్చుకుంటుంది. ఉప్పు ఎటు పోతే నీళ్లూ అటే. కలరాలో కూడా ఈ దారి మూతపడదు, నాకు బాగా నచ్చిన ముక్క ఇదే! 2002 నాటి డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములాలో లీటరుకు సోడియం, గ్లూకోజ్ రెండూ 75 మిల్లీమోల్సే. చక్కెర మరీ ఎక్కువైతే నీళ్లు తిరిగి పేగులోకే వస్తాయి, విరేచనాలప్పుడు కూల్‌డ్రింక్ వద్దనేది అందుకే. పక్కింటి పిన్నిగారు లీటరు ప్యాకెట్‌ని గ్లాసుడు నీళ్లలో కలిపేయబోతే ఆపి, లీటరు సీసా చేతికిచ్చాను.