మా కాలనీ సీనియర్ సిటిజన్స్ సెంటర్ చరిత్ర రాయాలి, పాత కాగితాలు ఎలా సంపాదించాలి?

అందరికీ నమస్కారం అండి. సరూర్‌నగర్ వైపు మా కాలనీలో పెద్దవాళ్ల సెంటర్ ఒకటుంది, జీతానికి పనిచేసేవాళ్లు ఒక్కరూ లేరు, తాళం తీసేది, ఊడ్చేది, బీపీ చూసేది, చూపు ఆననివాళ్లకి పేపర్ చదివి వినిపించేది అంతా రిటైరైనవాళ్లే. మా తాతయ్య మొదట్నుంచీ అందులో ఉన్నారు, పోయినేడు కాలం చేశారు. ఐక్యరాజ్యసమితి 1999ని వృద్ధుల సంవత్సరంగా ప్రకటించింది కదా, ఆ ఏడే మొదలుపెట్టామని ఆయన అనేవారు, ఇంకో పెద్దాయనేమో కాదు అంతకుముందే అంటున్నారు. మినిట్స్ బుక్ చూద్దామంటే బీరువా కింది అరలో చెదలు పట్టి సగం పోయింది, మిగిలిన పేజీల్లో తాతయ్య ఆకుపచ్చ ఇంకుతో రాసిన చందా లెక్కలు చూస్తే కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

నా డౌట్ ఏంటంటే, సొసైటీల కొత్త చట్టం 2001లో వచ్చింది, అంతకుముందు తెలంగాణలో 1350 ఫసలీ (నిజాం కాలంలో వాడిన సంవత్సరాల లెక్క) చట్టం కింద రిజిస్టర్ చేసేవాళ్లు, మరి మా సెంటర్ అప్పటి బైలా (నియమావళి), మొదటి సభ్యుల లిస్టు కాపీలు కావాలంటే జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్ట్రేషన్ నంబర్ లేకుండా పేరు చెప్తే వెతికిస్తారా? మీలో ఎవరైనా అలా తీసుకున్నారా, ఏం రాసిచ్చారు?

ఇంకోటి, ముట్టుకుంటే పొడైపోతున్న ఆ పేజీలని ఫోన్‌తో ఫొటో తీస్తే చాలా, స్కానింగ్‌కి ఇవ్వాలా? మొదటి సభ్యుల్లో ఇద్దరే మిగిలారు, ఇద్దరికీ ఎనభై దాటాయి, వాళ్ల మాటలు ఈ నెలలోనే రికార్డ్ చేద్దామనుకుంటున్నా, ముందు ఏం అడగాలో కూడా చెప్పండి ప్లీజ్.