సమస్యాపూరణం: ఉన్నవాఁడు లేఁడటన్న నిజమె

ఈసారి సమస్య ఆటవెలది నాలుగో పాదం. ‘ఉన్న–టన్న’ ప్రాసయతి. వస్తువు జాబిక్స్ ఏజెంటు, అంటే కంప్యూటర్లను కనిపెట్టుకొని ఉండే జాబిక్స్ సర్వర్‌కు ఒక యంత్రంలో ఉండి దాని వివరాలు అందించే ప్రోగ్రాము. అందులోనూ, ఆ యంత్రంలోనే ఉన్న ఫైలులో మనం చేత్తో రాసుకునే అమరికలు. పద్యం నడిచి ఫైలు నడవకపోతే పూరణగా తీసుకోను.

గట్టుమీది గాలి:

పేరు వేరు రాసి పెట్టగా ఫైలులో
సర్వరెఱుఁగనంచుఁ జాటిచెప్పు
ఇచట నడచుచుండు నేజెంటు చక్కగా
ఉన్నవాఁడు లేఁడటన్న నిజమె

తేటనీరు: ‘ఇచట–ఏజెంటు’ స్వరయతి హాయిగా పడింది. విషయంలోనే ఒక సందేహం. హోస్ట్‌నేమ్ (ఫైలులో ఈ యంత్రానికి రాసిన పేరు) తేడా దెబ్బతీసేది యాక్టివ్ తనిఖీలనే, అంటే ఏజెంటే సర్వర్ దగ్గరికి వెళ్లి పనులడిగి చేసేవాటినే. పాసివ్ పద్ధతిలో సర్వరే 10050 పోర్టుకు వచ్చి అడుగుతుంది, ఫైలులోని పేరు చూడదు. పద్యంలో ఆ భేదం లేదు కదండీ?

గట్టుమీది గాలి: ‘ఎఱుఁగను’ అన్న జవాబు రావాలంటే ముందు ఎవరో వెళ్లి అడగాలి. ఏజెంటు సర్వర్‌ 10051 పోర్టుకు వెళ్లి తన పనుల జాబితా అడిగినప్పుడే ఆ మాట వస్తుంది. యాక్టివ్ అన్నది ఆ క్రియలోనే ఉంది.

నిర్వాహకుడు: ఒప్పుకొంటున్నాను. పైగా ‘వేరు’ అన్న మాట చాలా దూరం పోతుంది. ఇంగ్లిష్ పేరులో ఒక్క పెద్దక్షరం చిన్నదైనా సర్వర్‌కు అది వేరే హోస్టే.

వెన్నెలవాడ:

వరుస ముందు హాషు వచ్చి కూర్చొన్నచో
పంక్తి చదువఁబోదు పరుగుపెట్టు
కంటికెదుట నిలుచు కావలివాఁడైన
ఉన్నవాఁడు లేఁడటన్న నిజమె

నిర్వాహకుడు: ‘వరుస ముందు’ అన్న రెండు మాటలకే ఈ పూరణను నెత్తిన పెట్టుకోవచ్చు. ఈ ఫైలులో హాష్ గుర్తు (#) పంక్తి మొదట ఉంటేనే వ్యాఖ్య, అంటే ఏజెంటు చదవకుండా వదిలేసే పంక్తి. విలువ రాసిన తరువాత అదే పంక్తిలో హాష్ పెట్టి వివరణ రాస్తే అదంతా విలువలో భాగమైపోతుంది. ‘వరుసలోన’ అని ఉంటే తిరస్కరించేవాణ్ని.

తేటనీరు: ‘పరుగుపెట్టు’ అన్నారు కాబట్టి ఆ పంక్తి, ఏజెంటు వెళ్లి పనులడగాల్సిన సర్వర్ చిరునామా రాసే సర్వర్‌యాక్టివ్ అయి ఉండాలి. అది లేకపోతే యాక్టివ్ తనిఖీలు ఆగుతాయి, ఏజెంటు నడుస్తుంది. ఎవరు వచ్చి అడగవచ్చో చెప్పే సర్వర్ పంక్తికి హాష్ పెడితే, స్టార్ట్‌ఏజెంట్స్ సున్నా చేసి పాసివ్ తనిఖీలను మాన్పిస్తే తప్ప, ఏజెంటు లేవనే లేవదు.

వెన్నెలవాడ: సర్వర్‌యాక్టివ్‌నే తలచుకొని రాశాను.

కొత్తచిగురు:

ఫైలునందుఁ గొత్త పంక్తినిఁ జేర్చియు
మరల నడుపకున్న కానరాదు
పాత గుర్తులందె పయనించు నేజెంటు
ఉన్నవాఁడు లేఁడటన్న నిజమె

నిర్వాహకుడు: మూడో పాదం చాలా బాగుంది. ఏజెంటు మొదలైనప్పుడు చదివిన అమరికలతోనే సాగుతుందన్న సంగతి అందులో చక్కగా ఒదిగింది. రెండో పాదంలో మాత్రం యతి తప్పింది. ‘మ’కు ‘కా’ చెల్లదు. ఇంకా పెద్ద లోపం, ‘పంక్తి’ని పట్టుకొని ‘వాఁడు’ అనడం. ఇలా మార్చి చూడండి:

ఫైలునందుఁ గొత్త భటునిఁ జేర్చిననేమి
మరల నడుపకున్న మాట వినఁడు

కొత్తచిగురు: భటుడు రావడంతో సమస్యకు కర్త దొరికాడు. ధన్యవాదాలండీ. నేను, మనమే సొంతంగా రాసి చేర్చుకునే తనిఖీ అయిన యూజర్ పారామీటర్‌ను మనసులో పెట్టుకొని రాశాను.

తేటనీరు: అలాగైతే రెండో పాదం మళ్లీ చిక్కే. జాబిక్స్ 6.0 నుంచి యూజర్ పారామీటర్లను ఏజెంటును ఆపకుండానే, ఒక్క ఆదేశంతో మళ్లీ చదివించవచ్చు. భటుణ్ని సర్వర్ పంక్తిలో చేర్చిన కొత్త చిరునామాగా తీసుకోండి. దానికి ఏజెంటును మళ్లీ మొదలుపెట్టక తప్పదు, పద్యమూ నిలుస్తుంది.