నాన్ కంపీట్ మీద సంతకం పెట్టాను, ఇప్పుడు క్లయింటే ఉద్యోగం ఇస్తానంటున్నాడు

ప్రశ్న:
మూడేళ్లుగా ఒక సర్వీసెస్ కంపెనీలో చేస్తున్నాను. అందులో రెండేళ్లు ఒకే క్లయింట్ ప్రాజెక్టు, రోజంతా వాళ్ల టీమ్‌తోనే కాల్స్, మా ఆఫీసువాళ్ల కంటే వాళ్లే నాకు బాగా తెలుసు. పోయిన వారం వాళ్ల మేనేజర్ "నేరుగా మా దగ్గరికే వచ్చేయకూడదూ" అన్నాడు. జీతం బాగుంది, పనీ ఇదే. కానీ చేరిన రోజు చదవకుండా సంతకం పెట్టిన కాగితాల్లో, మానేశాక ఏడాది దాకా కంపెనీ క్లయింట్ల దగ్గర పని చేయకూడదనే నాన్ కంపీట్ షరతు ఉంది. హెచ్ఆర్‌ని అడిగితే అనుమానం వస్తుంది, అడక్కపోతే నాకు నిద్ర పట్టట్లేదు. నిజంగా కేసు వేస్తారా?

జవాబు 1:
టెన్షన్ పడకు బ్రో, అవి బెదిరించడానికి రాసుకునే కాగితాలు. ఇండియాలో 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ ప్రకారం మనిషిని తన పని చేసుకోనివ్వని ఒప్పందం చెల్లదు. వెళ్లిపో.

జవాబు 2:
పై ఆయన చెప్పింది సగమే. ఆ సెక్షన్ కాపాడేది చాలావరకు మానేసిన తర్వాతి సంగతిని. ఉద్యోగంలో ఉండగానే క్లయింట్‌కి విడిగా పని చేసిపెట్టినా, నోటీసు పీరియడ్ ఎగ్గొట్టినా, ఫైళ్లు సొంత మెయిల్‌కి పంపుకున్నా అది మిమ్మల్ని కాపాడదు. దేశాన్ని బట్టి కూడా మారిపోతుంది. కాలిఫోర్నియాలో ఉద్యోగుల మీద ఇలాంటి షరతు దాదాపు చెల్లనే చెల్లదు, జర్మనీలో రెండేళ్ల వరకు ఆపొచ్చు గానీ ఆపినన్నాళ్లూ కనీసం సగం జీతం ఇవ్వాలి, బ్రిటన్ లాంటి చోట్ల గడువు, పరిధి సబబుగా ఉన్నాయా అని కోర్టు చూస్తుంది. మీ ఒప్పందానికి ఏ చట్టం వర్తిస్తుందో సాధారణంగా చివరి పేజీల్లో రాస్తారు, ముందు అది చూడండి. కాగితాలు పట్టుకెళ్లి లాయర్‌కి ఒకసారి చూపించండి, ఇక్కడ మేం చెప్పేది ఎంతైనా కబుర్లే.

జవాబు 3:
నాకు ఇదే జరిగింది, అసలు దెబ్బ మాత్రం నేను భయపడిన వైపు నుంచి రాలేదు. నా నాన్ కంపీట్ గురించి ఎవరూ అడగనే లేదు. క్లయింట్‌కీ మా కంపెనీకీ మధ్య ఉన్న ఒప్పందంలో "మీ మనుషుల్ని మేం తీసుకోం" అనే షరతు ఉంది, అది చూసి వాళ్ల లీగల్ టీమ్ ఆఫర్ వెనక్కి తీసుకుంది. నేనేమో అప్పటికే రాజీనామా ఇచ్చేశాను! రెండు నెలలు ఖాళీగా కూర్చున్నాను. ఆ షరతు మీ కాగితాల్లో కనపడదు, వాళ్లనే చూడమనాలి. ఒక్కోసారి ఫీజు కట్టి మనిషిని తీసుకునే వీలు కూడా అందులోనే రాసి ఉంటుంది. మేనేజర్ నోటిమాట నమ్మకండి, ఆఫర్ లెటర్ చేతికొచ్చాకే కదలండి.

అడిగినవారు:
జవాబు 3 చదివి వెంటనే ఆ మేనేజర్‌ని అడిగాను. షరతు ఉందట, 12 నెలలు. ఆయనకూ ఇప్పుడే తెలిసిందట, నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ఫీజు కట్టే వీలుందట, మా కంపెనీతో వాళ్లే మాట్లాడతారట. రాజీనామా మెయిల్ డ్రాఫ్ట్స్‌లోనే ఉంచాను.